నాకు రావల్సిన ప్రార్థన

ముందుగాల ఒక్క మాట చెప్త, తర్వాత మీ ఇష్టం. మంచం పట్టినోళ్లను చూడవోయినప్పుడు, "ఫలానా ఆమెకు గూడ గిదే బీమారి వచ్చింది, ఇగో ఇప్పుడు మంచిగ తిరుగుతుంది, నువ్వు గూడ లేస్తవ్" అని మాత్రం అనకుండ్రి. మీరు ధైర్యం చెప్తున్నమనుకుంటరు. పండుకున్న మనిషికి ఆ లేచి తిరుగుతున్నామె మొకమే కనపడ్తది, పండ్లు పటపట కొరకబుద్ధయితది. పానం మీదికొచ్చినోళ్లకు కుళ్లు ఎందుకుంటది అనుకుంటరేమో. పానం మీదికొచ్చినప్పుడే ఎక్కువుంటది. నేను అనుభవించి చెప్తున్న.

నా పేరు రూతమ్మ. ఇబ్రహీంపట్నంల జాకెట్లు, లంగలు కుడ్త. శంషాబాద్ దిక్కు ఎయిర్‌పోర్టు కడ్తున్న రోజులు గవి. రింగు రోడ్డు వస్తదని, కంపెనీలు వస్తయని, భూములు కొననీకె జనం ఎగబడ్తుండిరి. మా ఆయన ఏసుదాసు ఒక వెంచరోళ్ల బండి నడిపేటోడు. దిల్‌సుఖ్‌నగర్‌ల జనాన్ని ఎక్కించుకొని, మహేశ్వరం దాక తీస్కపోయి, రంగు రంగుల జెండాలు పాతిన ప్లాట్లు చూపెట్టి మల్ల దింపేది ఆయన పని. ఇంటికొచ్చినా అదే ముచ్చట. అన్నం తినుకుంట గూడ ఈస్టు ఫేసింగు, కార్నర్ బిట్టు అనేటోడు.

మా చర్చిల స్త్రీల సమాజం నేనే చూస్తుంటి. ఎవరికన్న బీమారైతె గొలుసు ప్రార్థన పెట్టేదాన్ని. అంటె ఏం లేదు, పొద్దంత గంట గంటకు ఒక ఇల్లని పంచుతం. ఒకామె గంట అయిపోతనే ఇంకొకామె ఆమె ఇంట్ల మోకాళ్లేస్తది. నడుమ తెగకూడదు. ఆఖర్కి నలుగురు పోయి, ఆ బీమారి మనిషి నెత్తి మీద చేతులు పెట్టి, నూనె రాసి ప్రార్థన చేసొస్తరు. ఎవరికి ఏ గంట ఇయ్యాల్నో నాకే ఎర్క. నల్లా నీళ్లొచ్చే టైముల గంట ఇచ్చినమంటె కొందరి మొకం ఇంత పొడుగైతుండె. ఎంతమందికి పెట్టిననో యాది లేదు. ఇంత చేసినదాన్ని, నా వంతు వచ్చినప్పుడు ప్రభువు వెనుకా ముందు చూడకుంట లేపుతడని మనసుల ఉండె. ఉండదా మరి?

దసరా పోయినంక షురువైంది. అరికాళ్లల్ల తిమ్మిర్లు. మిషిన్ ఎక్కువ తొక్కిన, అందుకే అనుకున్న. రెండు దినాలకు మోకాళ్ల దాక ఎక్కినయి. ఒకనాడు మిషిన్ తొక్కుతుంటె కాలు కదల్లే. కిందికి చూసిన, కాలు ఆడనే ఉంది, నా మాటే వింటలేదు. లేస్తనని లేచి దబ్బున పడ్డ. ఏసుదాసు బండి వెనక సీట్ల పండబెట్టి, పట్నంల సర్కార్ దవాఖానకు తీస్కపోయిండు. ఆ బండిల వెంచర్ కాయితాలు, ప్లాట్ల బొమ్మలు నా పెయ్యి మీద పడ్తనే ఉన్నయి.

ఓపీ కాడ బెంచీ మీద మస్తు సేపు కూసోపెట్టిండు. జనం నా ముంగటికెళ్లి నడుచుకుంట పోతుండిరి. అంతకుముందు మనుషుల నడక నేనెప్పుడు చూడలే. గాడ చూసిన. ముసలామె గూడ చేతుల సంచి పట్టుకొని టకటక పోతుంది. ఈమెకేం పనుందని ఈ నడక ఇచ్చినవయ్యా అని దేవుని మీద అప్పుడే కోపమొచ్చింది. మా ఆయన ఫోను మోగుతనే ఉంది. "సార్, భార్యకు బాగలేదు సార్. అవ్ సార్. రేపు పక్కా వస్త సార్" అంటున్నడు. నా పక్కన నిలబడ్డడు గని సగం మనిషి బండి కాడనే ఉన్నడు. ఆ ఫోను గుంజి విసిరికొట్టాలనిపించింది, చేతులు గూడ లేస్తలేవు.

నరాల జబ్బన్నడు డాక్టరు. పేరు గూడ చెప్పిండు, నాకు నోరు తిరగదు. కాళ్లకెళ్లి పైకి పాకుతదట, ఎక్కడనో ఒక తాన ఆగుతదట, మల్ల మెల్లమెల్లగ దిగుతదట. "మొత్తం దిగుతదా సార్, నేను నడుస్తనా?" అని అడిగిన. "అందరికి ఒక్కతీరు ఉండదమ్మా. కొందరు మునుపటి లెక్కనే అయితరు, కొందరికి కొంత మిగిలిపోతది" అన్నడు. ఆ కొందరు, ఈ కొందరు. నేను ఏ కొందర్లనో ఆయనకు గూడ తెల్వదు.

నాకు కిటికీ పక్క మంచం ఇచ్చిన్రు. కొద్దిరోజులకే నా పక్క మంచానికి యాదమ్మ వచ్చింది. మా ఊరామెనే, చెరువు కాడ చాపలమ్మేది. నా తాన జాకెట్లు గూడ కుట్టిచ్చుకుంది. ఆమెకు గూడ గిదే బీమారి. "అక్కా! జాకెట్ల అక్కవు గదనే! నీకు గూడ పోయినయా కాళ్లు?" అని స్ట్రెచరు మీదికెళ్లే ఒర్రింది. వార్డంత నవ్వింది. పెయ్యంత పడిపోయింది గని ఆమె గొంతుకు మాత్రం ఏం కాలే.

ఆమె మొగడు సత్తయ్య. ఆయన ఆమె తలకాయ కాడికెళ్లి కదల్లేదంటె నమ్మండ్రి. ముద్దలు కలిపి పెడ్తడు, మూతి తుడుస్తడు, పొద్దుగాల లేవంగనే నూనె పెట్టి జడేస్తడు. చేపల వల అల్లే చేతులు గదా, జడ గూడ గంత సక్కగ అల్లేటోడు. మా ఆయన దువ్వెన పట్టుకుంటె గొర్రె బొచ్చు గీకినట్టుండె. అదొక్కటేనా? ఇంటి కాడ పిల్లలు మా తోటికోడలు సునీత తాన ఉన్నరు. చిన్నమ్మ కూర మంచిగ చేస్తుందని అన్నరట. మా ఆయన ఆ మాట నాకు సంతోషమైతదని చెప్పిండు. మొకం అటు తిప్పుదామంటె మెడ గూడ తిరగలే.

క్రిస్మస్ దగ్గరికొస్తుండంగ ఒకనాడు పొద్దుగాల ఊపిరాడలే. రొమ్ము మీద బియ్యం బస్తా పెట్టినట్టయింది. గొంతు గూడ పోయింది. అరుద్దామంటె గాలి తప్ప మాట వస్తలేదు. పోతున్ననే అనుకున్న. సిస్టర్ ఉరికొచ్చి చూసి, నా మంచాన్ని తన టేబుల్ పక్కకు నూకిచ్చింది, కండ్ల ముంగట ఉంటదని. ఖాళీ అయిన కిటికీ జాగల యాదమ్మ మంచం ఏసిన్రు.

గదే దినం మాపటీలి, మా ఊరికన్న దవాఖానకు దగ్గరుండే మీర్‌పేట్ సంఘం ఆడోళ్లు నలుగురు వచ్చిన్రు. నా కోసం పెట్టిన గొలుసు ప్రార్థన ముగిసిందని, ఉపవాసముండి, నా నెత్తి మీద చేతులు పెట్టనీకె వచ్చిన్రు. వాళ్లు నన్ను ఎప్పుడు చూడలే. మా పాస్టరయ్య ఫోన్ల చెప్పిండట: ఇబ్రహీంపట్నం ఆమె, కాళ్లు చేతులు పడిపోయినయి, కిటికీ పక్క మంచం అని. యాదమ్మకు మూడుకు మూడు సరిపోయినయి.

"ఇబ్రహీంపట్నమేనా అమ్మా?" అని అడిగింది పెద్దామె.

"అవ్" అన్నది యాదమ్మ.

అయిపాయె. నలుగురు చుట్టు నిలబడ్డరు. నూనె రాసిన్రు. ఏం ప్రార్థన అయ్యా అది! నా పెండ్లయినకాడికెళ్లి అసుంటి ప్రార్థన నేను వినలే. కండ్లల్ల నీళ్లు కారుతుంటె, "ఈ బిడ్డ నీ మందిరం ఊడ్చింది ప్రభువా, నీ పిల్లల కోసం ఉపాసమున్నది ప్రభువా, ఈమె కాళ్లు ఈమెకియ్యి" అని పెద్దామె మొత్తుకుంటుంది. ఊడ్చింది నేను! ఉపాసమున్నది నేను! ఆమె కాదు, నేను, ఈడ, ఈ టేబుల్ పక్కన! లోపల లోపల ఒర్రుతున్న, బయటికి ఏం రాలే. సిస్టర్ ఇంకో పేషంటు కాడ ఉన్నది. మా ఆయన చాయ్ తాగవోయిండు. యాదమ్మ కండ్లు మూసుకొని బుద్ధిగ పండుకున్నది, ఆమె చెంపల మీద గూడ నీళ్లు. పోయేటప్పుడు ఆ పెద్దామె నా పక్కకెళ్లి పోవుకుంట నా కాలు తట్టి, "నీకు గూడ దేవుడు మేలు చేస్తడమ్మా" అన్నది. మిగిలిన చాయ్ నా గ్లాసుల ఒంపినట్టుండె.

వాళ్లు మెట్లు దిగినంక ఏసుదాసు వచ్చిండు. "మీర్‌పేటోళ్లు రాలేదా ఇంకా?" అన్నడు.

రెండు దినాలకు యాదమ్మ కాలి ఏలు కదిలింది. సత్తయ్య వార్డంత తిరిగి చెప్పిండు. పక్కోళ్లు సప్పట్లు కొట్టిన్రు. "మొన్నొచ్చినోళ్లు మస్తు మంచోళ్లక్కా, చెయ్యి పెట్టంగనే పానం లేచొచ్చినట్టయింది. మీ దేవుని తాలూకా అంట గదా?" అని కిటికీ కాడికెళ్లి నాకు చెప్తుంది. మీ దేవుడంట! పేరు గూడ సరిగ తెల్వదు.

సంగతి తెలిసి పాస్టరయ్య నెత్తి పట్టుకుండు. మీర్‌పేటోళ్లను మల్ల పంపిండు. వచ్చిన్రు పాపం, సిగ్గుపడుకుంట. నూనె బాగనే రాసిన్రు. గని మొదటిసారి ఉన్న ఆ ఏడుపు ఈసారి లేదు. మనిషి ఒక్క దుక్కానికి రెండుసార్లు అట్ల ఏడ్వగలదా? ప్రార్థన అయినంక నలుగురు నా కాళ్ల దిక్కు చూసిన్రు. నేను గూడ చూసిన. ఏం కదల్లే. ఒకామె గోడ గడియారం చూసి, బస్సు దొరకదన్నది.

అప్పటి సంది నాకు దేవునితోని మాటల్లేవు. మాటల్లేవంటె ఉన్నయి, అన్ని తిట్లే. అడ్రసు తెల్వదా నీకు? మనుషులు మంచం తప్పిన్రు సరే, నువ్వు గూడ తప్పుతవా? ఆదివారం ఆదివారం చీపురు పట్టింది ఎవరు? గొంతు మెల్లగ వచ్చింది, ఊపిరి కుదురుకున్నది, డాక్టరు గండం దాటినవన్నడు. అయినా నాకు స్తోత్రం చెప్పబుద్ధి కాలే. క్రిస్మస్ నాడు మా ఆయన ఫోను చెవు కాడ పెట్టిండు, చర్చిల పాట వినమని. ప్రతి యేడు నేను ఎత్తుకునే పాట సునీత ఎత్తుకున్నది. మంచిగ పాడింది. ఎక్కడన్న శ్రుతి తప్పుతదేమోనని ఆఖరి దాక విన్న, తప్పలే.

యాదమ్మకు కాళ్లకన్న ముందుగాల చేతులు పూర్తిగ వచ్చినయి. సత్తయ్యతోని మంచం దగ్గరికి జరిపిచ్చుకొని, ఒకనాడు నా తల దువ్వింది. ఎండ పడ్తుంది, దువ్వెన మెత్తగ పోతుంది, నాకు ఏడుపు ఆగలే. "ఏడ్వకక్కా, నువ్వు గూడ లేస్తవ్" అన్నది. ఆమె ప్రేమకు ఏడుస్తున్ననని అనుకున్నది. ఆ చేతులు నాకు రావల్సినవని ఏడుస్తున్న నేను.

ఇంకొక్క దానికి మస్తు మండేది. కాళ్లు వచ్చినయని డాక్టర్లు అంటున్నరు, ఈమె మాత్రం ఎప్పుడు చూసినా మంచం మీదనే! నాకు ఆ కాళ్లుంటె ఈ వార్డు చుట్టు ఉరుకుదును. బద్ధకమనుకున్న. ఇంటికి పంపిచ్చిన్నాడు గూడ నడ్వలే. వీల్‌చెయిర్ల కూసుంటె సత్తయ్య నూక్కుంట తీస్కపోయిండు, రాణిగారిని తోల్కపోయినట్టు. "పోయొస్తక్కా" అని చెయ్యి ఊపింది. నేను కండ్లు మూసుకున్న.

జనవరిల ఆమె మంచానికి లలిత వచ్చింది. కందుకూరు పిల్ల, బాలెంత. రెండు నెలల బిడ్డను ఇంటి కాడ ఇడిచిపెట్టి వచ్చింది. గిదే బీమారి, మాకన్న గట్టిగ పట్టింది. ఆ పిల్ల వచ్చిన వారానికి నా కుడిచేతి ఏళ్లు కదిలినయి. నా సంతోషానికి అంతు లేదు! సిస్టర్‌ను పిలిచిన, ఏసుదాసును పిలిచిన, "చూడుండ్రి, ఇగో చూడుండ్రి" అని చెంచ పట్టి చూపెట్టిన. మా ఆయన నడివార్డుల ఎక్కెక్కి ఏడ్చిండు. అప్పుడు ఫోను మోగితె తీయలే. నవ్వుకుంట లలిత దిక్కు చూసిన. ఆ పిల్ల నా చేతినే చూస్తుంది. తర్వాత కండ్లు గట్టిగ మూసుకున్నది. ఆ కండ్లు మూసుకునుడు నాకు మస్తు మంచిగ ఎర్క.

సిస్టర్ మంచం దుప్పటి సర్దుకుంట మెల్లగ అన్నది: "జర చూసుకొని చెయ్యమ్మా. యాదమ్మ అయితె నువ్వు మధ్యాహ్నం కునుకు తీస్తెనే నడిచేది. నీకు మెలకువొస్తే గబగబ వచ్చి మంచమెక్కేది. పోయేనాడు గూడ నడిచి పోతే నువ్వు చూస్తవని నన్ను బతిమాలి ఆ చక్రాల కుర్చీ తెప్పిచ్చుకున్నది."

అంతే. సిస్టర్ ఇంకో పేషంటు కాడికి పోయింది. నేను ఆ దినమంత అన్నం తినలే.

చిన్నప్పటి సంది సిలువ ముంగట నిలబడి పాటలు పాడిన. ప్రభువు సిలువ మీదికెళ్లి దిగి రావచ్చు, గని రాలేదని పాస్టర్లు చెప్తుంటె తలకాయ ఊపిన. చేతనైతది గని చెయ్యకుంట ఎందుకుండాలె అన్నది నాకెప్పుడు ఎక్కలే, ఎక్కినట్టు చేసిన. నడిచే కాళ్లు పెట్టుకొని, నా కుళ్లు కండ్ల ముంగట మంచం మీద పడి ఉన్న యాదమ్మ యాదికొస్తె జర ఎక్కింది. ఎందుకొచ్చింది ఈ బీమారి, దేవుడు ఏం నేర్పనీకె ఇచ్చిండు అని నన్ను అడగకుండ్రి, నాకు తెల్వదు. అది సులువుగ చెప్పేటోళ్లను ఒక్క దినం ఆ మంచం మీద పండబెట్టాలె. గని అంతకుముందు నేను చూడవోయిన బీమారోళ్లందరి మొకాలు ఒక్కొక్కటి యాదికొచ్చినయి. సంచిల పండ్లు పట్టుకపోయి, దేవుడు ఎవరెవరిని లేపిండో నోటి నిండ సాక్ష్యాలు చెప్పొస్తుంటి. వాళ్లు తలకాయ అటు తిప్పుకుంటె నిద్రొస్తుందేమో అనుకుంటుంటి.

ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై శ్రమల దినాలు షురువయినప్పుడు ఇంటికొచ్చిన, వాకరు పట్టుకొని. యాదమ్మ చాపల గంప దించి మా అరుగు మీద కూసున్నది. ఉండబట్టక అడిగిన.

"ఎందుకే గట్ల చేసినవ్? నడవొస్తది గదా, నడిస్తె ఏంబోయింది?"

"ఏముందక్కా, నీ మొకం చూడబుద్ధి కాకపోయేది. నేను కాలు కదిలిస్తెనే సచ్చినట్టు చూస్తుంటివి." నవ్వింది. "ఇంకోటి గూడ ఉందిలే. నీ కండ్లు పడి మల్ల పడిపోతనేమోనని భయమైతుండె."

నాకు నవ్వొచ్చింది. కోపం గూడ వచ్చింది. గని ఆ మాట ఇన్నంకనే యాదమ్మ నాకు మనిషి లెక్క కనబడ్డది. ఆ దినం చాపలు బేరం చెయ్యకుంట తీసుకున్న.

ఈస్టర్ ముంగట పాస్టరయ్య వచ్చిండు. "పండుగ నాడు నువ్వే సాక్ష్యం చెప్పాలమ్మా, సంఘమంత ఎదురుచూస్తుంది" అన్నడు. ఇన్నొద్దులు వేరేటోళ్ల సాక్ష్యాలకు సప్పట్లు కొట్టిన, ఇగ నా వంతు. ఎంత బాగ తయారు చేసుకున్ననో! ఎక్కడ ఆగాలె, ఎక్కడ హల్లెలూయ అనిపియ్యాలె, అంత. ఆ వారం దవాఖానల చూపిచ్చుకునేది ఉండె. లలిత ఇంకా గాడనే ఉన్నదని విని, ముందుగాల ఆ పిల్లకు చెప్పి ధైర్యమిద్దామనుకున్న.

వార్డు తలుపు కాడ వీల్‌చెయిర్ అడిగి కూసున్న. "నడిచేదానివి, ఇదేం షోకే?" అన్నడు ఏసుదాసు. "నూకు, నీకెందుకు" అన్న. యాదమ్మ లెక్క చేస్తున్ననని నాకు నేనే మురిసిన.

లలిత చిక్కిపోయింది. మెడ నిలబడ్తుంది గని చేతులు ఇంకా లేస్తలేవు. నన్ను కిందికెళ్లి మీదికి చూసింది.

"నాటకాలు బంద్ చెయ్యక్కా. కిటికీలకెళ్లి చూసిన. ఆటో దిగి నడుచుకుంటనే వచ్చినవ్."

మొకం మీద కొట్టినట్టయింది. లేచి, వాకరు పట్టుకొని, ఆమె మంచం కాడికి నడిచి పోయిన. "అవ్, నడుస్తున్న. తప్పయింది" అన్న. పక్కన స్టూలు మీద కూసున్న.

"నా బిడ్డ బోర్ల పడ్తుందట" అన్నది లలిత. గొంతుల ఏడుపు లేదు, గదే భయమైంది నాకు. "ఎవరిని చూసినా నవ్వుతుందట. నా మొకం మర్చిపోయింటది. అక్కా, నీ కాళ్లు చేతులు నాకియ్యి."

నేను తయారు చేసుకున్న సాక్ష్యమంత నోట్లనే ఎండిపోయింది. ఇస్తనే బిడ్డా అనొచ్చు, ఉత్త మాటే గదా, ఎవరు తీసుకుంటరు? అందరు అనేది గదే. గని ఆ చూపు ముంగట నాకు ఆ ఉత్త మాట రాలే.

"ఇయ్యనే లలితా" అన్న. "నాకు మస్తు భయమే. పొద్దుగాల లేవంగనే ఏళ్లు కదిలిచ్చి చూసుకుంట, ఉన్నయా పోయినయా అని. నీకు రావాలని దినాం ఏడుస్త, ప్రార్థన చేస్త. గని నాయి మాత్రం ఇయ్య."

ఇంక నన్ను పొమ్మంటదనుకున్న.

"మా అమ్మ ఇస్తనన్నది" అన్నది. "మా అత్త ఇస్తనన్నది, మా ఆయన ఇస్తనన్నడు. నువ్వొక్కదానివే ఇయ్యనన్నవ్." ఆమె పెదవి ఒక పక్కకు జర ఒంగింది. నవ్వే అది. "ఇటు జరుగు. పొద్దటి సంది ముక్కు మీద దురద. వాళ్లకు చెప్తె ఏడుస్తరు. జర గోకు."

నా ఏలికి ఇంకా సగం బలమే. వణుక్కుంట పోయి ఆమె ముక్కు మీద ఆగింది.

"గాడ కాదు. జర పైకి" అన్నది.

జర పైకి గోకిన.